బోర్డు మీద మేడం మూల

మా తెలుగు మేడం చనిపోయారని ఆదివారం ఉదయం మా పాత టెన్త్ బ్యాచ్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. రాసింది మా లెక్కల సారు. "తెలుగు మేడం ఇక లేరు. తెల్లవారుజామున గుండెపోటు. రేపు మధ్యాహ్నం జమ్మలమడుగులో." అంతే. లెక్కల సారు ఎప్పుడూ మాటలు ఎక్కువ వాడరు. కిందనే చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడటం మొదలైంది. నేను ఏ బొమ్మా పెట్టలేకపోయాను. ఫోన్ పక్కన పెట్టి, మళ్లీ తీసుకుని, మేడం ఛానెల్ తెరిచాను. శుక్రవారం పెట్టిన వీడియో అన్నిటికన్నా పైన ఉంది. నొక్కాను.

"ఏం పిల్లోల్లారా, అన్నం తింటిరా?" అన్నారు మేడం.

వంటింట్లోంచి అమ్మ, "పొద్దు పొద్దున్నే పాఠమా పాపా? మేడం నిన్ను నిద్ర కూడా పోనీదా?" అని నవ్వింది. ఆ గొంతు మా ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మకు విషయం చెప్పడానికి నాకు కొంతసేపు పట్టింది. ఎందుకంటే అటు మేడం పాఠం చెబుతూనే ఉన్నారు.

ఆమె ప్రొద్దుటూరులో మా సర్కారు హైస్కూలు తెలుగు టీచరు. ఇల్లు జమ్మలమడుగులో. రోజూ ఉదయం బస్సులో వచ్చేవారు, సాయంత్రం బస్సులో పోయేవారు. పెళ్లి చేసుకోలేదు. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే చెల్లెలితో కలిసి ఉండేవారు. సుద్దముక్కలు పాత కళ్లజోడు పెట్టెలో వేసుకుని తెచ్చేవారు. "సుద్ద చేతిసంచిలో ఇరిగిపోతాది, కళ్లజోడు మాత్రం మొగం మీదనే ఉంటాది కదా" అనేవారు. పాఠం చదివేటప్పుడు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే, ఒక్క అక్షరం జారకుండా చదివేవారు. చదవడం అయిపోయి వివరించడం మొదలుపెడితే మా ఇళ్లలో మాట్లాడుకున్నట్టే మాట్లాడేవారు. పద్యంలో రాజు "విచ్చేసెను" అని ఉంటే, "రాజు వచ్చినాడు, వచ్చి గమ్మున నిలబడినాడు" అని చెప్పేవారు. ఆ రాజు మా వీధిలోకి వచ్చి నిలబడినట్టే ఉండేది.

తొమ్మిదో తరగతిలో మొదటిరోజు ఆమె బోర్డు మీద కుడివైపు పైమూల ఒక గీత అడ్డంగా, ఒక గీత నిలువుగా గీశారు. అరచేయంత గది ఏర్పడింది.

"ఇది నా మూల. నేను తప్పు చెప్తే, ఎవురైనా లేచొచ్చి సరైంది ఈడ రాయాల. నేను కింద సంతకం పెడతా" అన్నారు.

మేము నమ్మలేదు. టీచరు తప్పును బోర్డు మీద రాస్తే ఏమవుతుందో మాకు వేరే పీరియడ్లలో తెలుసు. వారం దాకా ఆ మూల ఖాళీగానే ఉంది. ఒకరోజు ఒక కథ చెబుతూ అన్న చేసిన పనిని తమ్ముడు చేశాడని చెప్పేశారు. నాకు ఆ కథ కంఠతా వచ్చు. అప్పుడప్పుడే నాకు మాటల పిచ్చి పట్టుకుంటోంది. పుస్తకం రాగానే అట్టలు వేయకముందే మొత్తం చదివేసేదాన్ని. లేచి వెళ్లి మూలలో "అన్న" అని రాశాను. మేడం చూశారు, పుస్తకం తిరగేసి చూసుకున్నారు, నేను రాసినదాని కింద చిన్నగా సంతకం పెట్టారు. క్లాసంతా చప్పట్లు కొట్టింది.

"చప్పట్లు ఎందుకు? తప్పు దిద్దేది పండగ కాదు, పని. కూచ్చోండి" అన్నారు.

పాత తప్పును ఆమె వెంటనే తుడిచేవారు కాదు. తప్పు దాని చోట అట్లే ఉండేది, ఒప్పు మూలలో ఉండేది. గంట కొట్టాక రెండూ కలిపి తుడిచేవారు. ఎందుకని ఒకసారి అడిగాను. "తప్పును గమ్మున తుడిచేస్తే అది ఇంకొకరి పలక మీదికి పోతాది పాపా. అందరూ చూసినాక తుడిస్తే ఈడనే సచ్చిపోతాది" అన్నారు.

ఆ ఛానెల్ ఎట్లా మొదలైందో కూడా చెప్పాలి. పరీక్షలు దగ్గరపడితే మా బడిలో ముందు పోయేది తెలుగు పీరియడే. లెక్కల సారు గుమ్మం దగ్గర నిలబడి తల గోక్కునేవారు.

"మేడం, ఈ పొద్దు ఒక్క పీరియడ్..."

"నిన్న కూడా ఒక్కటే అంటిరి కదా సార్."

"అది నిన్నటిది మేడం."

"లెక్కల సారు కదప్పా, మీ లెక్కే రైటు" అని మేడం కళ్లజోడు పెట్టె మూసి బయటికి నడిచేవారు. మేము నవ్వేవాళ్లం. ఆమె కూడా నవ్వేవారు. వరండాలో నడిచిపోతున్నప్పుడు మాత్రం ఆ నవ్వు ఉండేది కాదు. కిటికీ పక్కన కూర్చునేదాన్ని కాబట్టి నాకు కనిపించేది.

ఒకరోజు సాయంత్రం మా క్లాసు గ్రూపులో ఒక వీడియో వచ్చింది. ఇంటి వసారాలో గోడకు తగిలించిన నల్లబోర్డు. కుడివైపు పైన ఆ మూల. సుద్ద పట్టుకున్న చెయ్యి. లెక్కల సారు తీసుకున్న పీరియడ్‌లో చెప్పాల్సిన పాఠమంతా అందులో ఉంది. మధ్యలో పక్కింటి కుక్కర్ విజిల్ వేస్తే మేడం ఆగారు. విజిల్ అయిపోయాక, "వాళ్లకు పప్పు ఉడికింది. మనకింకా రెండు పద్యాలు ఉండాయి" అని మళ్లీ మొదలుపెట్టారు. తర్వాత వేరే బడుల పిల్లలు కూడా అడగడంతో ఆమె ఛానెల్ తెరిచి, దానికి "పోయిన పీరియడ్" అని పేరు పెట్టారు. తన ఫోటో పెట్టలేదు. పరిచయం రాయాల్సిన చోట ఒక్క మాటే రాశారు: "తెలుగు టీచరు. తప్పు చెప్తే కింద రాయండి, ఆదివారం దిద్దుకుంటా."

శుక్రవారం పాఠం, ఆదివారం చర్చి నుంచి వచ్చాక దిద్దుబాటు. ఒకసారి ఒక పాఠంలో ఆవులు దుమ్ము రేపుకుంటూ ఇళ్లకు వచ్చే దృశ్యాన్ని తెల్లవారుజాము అని చెప్పారు. కింద ఒక పిల్లవాడు, "మేడం, ఆవులు పొద్దున మేతకు పోతాయి కదా, ఇంటికి ఎందుకు వస్తాయి?" అని రాశాడు. ఆదివారం మేడం చెయ్యి మూలలో "సాయంత్రం" అని రాసి సంతకం పెట్టింది. "రావు నాయనా, పొద్దున రావు. నేనే ఆవుల్ని తొందరపెట్టినా. తప్పు నాది" అన్నారు. పాత వీడియోను తీసేయలేదు.

ఆ మాటే పులివెందులలో ఆమె ముందుకు వచ్చి నిలబడింది.

నేను టెన్త్‌లో ఉన్న ఏడాది పులివెందులలో భాషా ఉపాధ్యాయుల సమావేశం జరిగింది. మధ్యాహ్నం పిల్లలకు వక్తృత్వ పోటీ ఉండటంతో మేడం నన్ను వెంట తీసుకుపోయారు. ఉదయం సభలో ఒక రిటైరైన పెద్దాయన, సామాజిక మాధ్యమాల్లో భాషా ఉపాధ్యాయుడు ఎట్లా కనపడాలి అనే విషయం మీద మాట్లాడారు. బట్టలు, వెలుతురు, గొంతు, చివరికి వెనక గోడ రంగు దాకా చెప్పారు. బాగా చెప్పారు కూడా. తర్వాత "ఇట్లా మాత్రం ఉండకూడదు" అంటూ తెర మీద ఒక వీడియో వేశారు. అది మేడం చెయ్యి. ఆవుల వీడియో. "తప్పు నాది" అన్నచోట ఆపారు. హాలంతా నవ్వింది.

మేడం లేచి నిలబడ్డారు. "అది నాదే సార్" అన్నారు.

పెద్దాయన కొంచెం ఇబ్బంది పడ్డారు. "కూర్చోమ్మా. నిన్ను అవమానించాలని కాదు. డాక్టరు తప్పు చేశానని ఊరంతా చాటుకుంటాడా? తెలుగు టీచరంటే ఇప్పటికే అందరికీ లోకువ. ఇక మనమే ఇట్లా చెప్పుకుంటే పిల్లలు మనల్ని నమ్ముతారా?"

"తప్పని చెప్పినప్పుడే నమ్మినారు సార్. అంతకుముందు భయపడతాండిరి."

వెనక వరసలోంచి ఒకాయన, "ముందు ఆ వస్తాది, పోతాది మానుకోమనండి సార్. కోస్తావాళ్లు చూస్తే మన జిల్లాలో తెలుగు టీచర్లే లేరనుకుంటారు" అన్నాడు.

"నవ్వితే నవ్వనీప్పా. పుస్తకం పుస్తకం మాదిరే చదువుతాండా కదా. పిల్లోనికి అర్థం చెప్పేది మాత్రం వాళ్లమ్మ మాట్లాడినట్ల చెప్తాండా. వానికి దగ్గర దోవ అదే."

ఇంకెవరో, మేడం చర్చికి పోతారని తెలిసినవాళ్లు కాబోలు, "ఇంతకీ పద్యాలు మీరెట్లా చెప్తారు మేడం?" అని అడిగారు. ఆ ప్రశ్నలో ఏముందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

"నోటితోనే చెప్తా సార్" అన్నారు మేడం. ఈసారి హాలు వేరేగా నవ్వింది. ఆమె నవ్వలేదు. "మా నాయనమ్మ బైబిల్ చదువుకునేదానికి మిషన్ బళ్లో అక్షరాలు నేర్చుకునింది. కూలికి పోయే మనిషి. ఆ అక్షరాలే ఇంట్లో మిగిలినాయి. వాటితోనే నేను పద్యం కాడికి వచ్చినా" అని కూర్చున్నారు.

భోజనాల దగ్గర పెద్దాయన తనే మేడం పక్కకు వచ్చి కూర్చున్నారు. చెడ్డ మనిషి కాదు. మంచి ఛానెళ్ల పేర్లు కొన్ని ఎంపిక చేసి అన్ని బడులకూ పంపబోతున్నారట. "పాఠాలు బాగున్నాయమ్మా. ఆ ఆదివారం వీడియోలు తీసేయి చాలు, నీ పేరు కూడా చేరుస్తాను" అన్నారు.  మేడం అన్నం కలుపుతూ ఉండిపోయారు.

తిరుగు బస్సు తొండూరు దాటింది. ఫోన్ మేడం చేతిలోనే ఉంది. ఆదివారం వీడియోలు ఒక్కొక్కటే పైకి జరుపుతూ చూస్తున్నారు.

"అన్ని బళ్లకూ పోతాదంటే ఆశ పుట్టింది పాపా. అబద్ధమెందుకు" అన్నారు. "లెక్కల సారుకు కూడా చూపిచ్చి, ఇదిగో నా పీరియడ్ అనొచ్చు కదా."

"తీసేస్తారా మేడం?"

ఆమె ఫోన్‌ను నా చేతికిచ్చారు. "నువ్వయితే ఏం చేస్తావు?"

 నాకు గుర్తొచ్చింది ఒక్కటే, మూలలో నేను రాసిన "అన్న", దాని కింద ఆమె సంతకం. "నేను రాసింది కూడా తుడిచేసినట్టు ఉంటుంది మేడం" అన్నాను.

మేడం కిటికీలోంచి బయటికి చూశారు. "ఆ ఆవుల పిల్లోడు కూడా అట్లే అనుకుంటాడు" అని ఫోన్ తీసుకుని సంచిలో వేసుకున్నారు. ఆ జాబితాలో ఆమె పేరు రాలేదు. దాని గురించి ఆమె మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ వారం వీడియోలో మాత్రం, "ఏం పిల్లోల్లారా, అన్నం తింటిరా?" అన్నాక కాసేపు ఆగారు. నిజంగానే జవాబు కోసం ఎదురుచూసినట్టు ఆగారు. అప్పటినుంచి పిల్లలు వీడియో కింద తాము తిన్నది రాయడం మొదలుపెట్టారు. ఉగ్గాని తింటిమి మేడం. సంగటి తింటిమి మేడం. ఇంకా తినలేదు, అమ్మ పనినుంచి రాలేదు మేడం. ఈ చివరిదానికి ఆమె తప్పకుండా జవాబు రాసేవారు.

డిగ్రీలో నేను తెలుగు తీసుకుంటానన్నప్పుడు, బట్టలంగట్లో పనిచేసే మా నాన్న మేడంకు ఫోన్ చేశాడు. "తెలుగు చదివితే ఏమొస్తాది మేడం?"

"ఏమొస్తాదో నాక్కూడా శానా దినాలు తెలీలేదన్నా. చదవనీ. మీ అంగడికి బోర్డు రాయాలంటే బయటోళ్లను పిలిచే పనన్నా తప్పుతాది" అన్నారు మేడం. నాన్న నవ్వాడు. నవ్వినాక ఒప్పుకున్నాడు.

సోమవారం జమ్మలమడుగు వెళ్లాను. చర్చి నుంచి సమాధుల దాకా మా బడి పిల్లలు, పాత పిల్లలు, ఆసుపత్రి వాళ్లు నడిచారు. లెక్కల సారు నా పక్కనే నడిచారు. మట్టి వేసి వచ్చాక చేతులు దులుపుకుంటూ, "ఎన్ని పీరియడ్లు తీసుకున్నానో" అన్నారు. ఎన్నో చెప్పలేదు. ఆయన నోట లెక్క తేలని మాట నేను వినడం అదే మొదటిసారి.

అందరూ వెళ్లాక మేడం చెల్లెలు నన్ను ఇంటికి పిలిచారు. వీడియోల్లో ఇన్నేళ్లుగా చూసిన వసారాలోకి మొదటిసారి అడుగుపెట్టాను. అనుకున్నదానికన్నా చిన్నది. బోర్డు గోడకు ఉంది. డస్టర్ దారంతో మేకుకు వేలాడుతోంది. శుక్రవారం పాఠం ఇంకా తుడవలేదు. పెన్నేటి మీద పాఠం. ఒక వంకర గీత, దాని మీద రెండు చుక్కలు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు. నీళ్లు పోయే దిక్కుకు ఒక బాణం. మూల ఖాళీగా ఉంది.

చెల్లెలు మేడం ఫోన్ నా చేతికిచ్చారు. "ఈ ఛానెల్ యట్ల మూసేయాలో చెప్పు పాపా. బతికున్నప్పుడే ఎవురో ఒకరు ఏదో ఒకటి అంటాండిరి, యాస అని, మొగం చూపించదని. ఇంగ పోయిన మనిషిని కూడా అంటాంటే నేను చూడలేను. మొత్తం తీసేయి."

తీసేయడం ఎట్లాగో నాకు తెలుసు. ఎక్కడ నొక్కాలో కూడా తెలుసు. ఒక్కసారి చూసి తీసేద్దామని శుక్రవారం వీడియో కిందికి జరిపాను. శనివారం రాసిన మాట ఒకటి ఉంది. వాళ్ల నాన్న ఫోన్ నుంచి రాసిన పిల్ల, వల్లూరు, ఏడో తరగతి.

"మేడం, పెన్న జమ్మలమడుగు నుంచి కదా ప్రొద్దుటూరుకు వచ్చేది? మీరు బాణం తిప్పి వేసినారు. ఆదివారం మూలలో రాయండి."

దాని కిందనే, అదే పిల్ల, ఆదివారం సాయంత్రం: "మేడం, ఆదివారం అయిపోతాంది."

బోర్డు వైపు చూశాను. నిజమే. బాణం ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు ఉంది. ఏటి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి ఏరు ఎటు పారుతుందో ఎట్లా మరిచిపోయారు? ఫోన్ చెల్లెలికి చూపించాను. ఆమె చదివి, బోర్డు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు కూడా.

"బస్సులో వచ్చేటప్పుడు కిటికీ కాడ కూచ్చునేది మా అక్క. నీళ్లొచ్చిన కాలంలో అదే చూసుకుంటా వచ్చేది. ఆయమ్మకు ఏరు కూడా పొద్దు మునిగే యాళకు ఇంటికే వస్తాంటాది" అన్నారు.

 ఇన్నేళ్లలో మేడం దిద్దుకోకుండా వదిలిన తప్పు ఇదొక్కటే. ఛానెల్ తీసేస్తే తప్పు కూడా పోతుంది. వల్లూరు పిల్ల అడిగినదానికి జవాబు మాత్రం ఎప్పటికీ రాదు. ఈ మాట నేను పైకి అనలేదు. అనాల్సిన పని కూడా రాలేదు. చెల్లెలు కిటికీ మీదున్న కళ్లజోడు పెట్టె తెరిచి ఒక సుద్దముక్క నాకిచ్చారు.

"రాయి. నీ అక్షరం బాగుంటాదని చెప్తాండె."

నేను డస్టర్ అందుకోబోతే ఆపారు. "బాణం తుడవద్దు. మా అక్క తుడిచేది కాదు కదా."

మూలలో రాశాను: "పెన్న జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు పోతుంది." కింద సంతకం చోటు అట్లాగే వదిలేశాను. ఫోన్‌ను మేడం పెట్టే స్టూలు మీదనే నిలబెట్టాను. రికార్డు నొక్కాను. చెల్లెలు బోర్డు పక్కకు వచ్చి నిలబడ్డారు. జీవితంలో ఎప్పుడూ ఫోన్ ముందు మాట్లాడని మనిషి. గొంతు సరిచేసుకుని, అలవాటుగా రోజూ చెవిన పడిన మాటే మొదట ఆమె నోట వచ్చింది.

"ఏం పిల్లోల్లారా, అన్నం తింటిరా?"

ఆగారు. మళ్లీ మొదలుపెట్టారు. "నేను మీ మేడం చెల్లెల్ని. మేడం నిన్న పొద్దున పోయింది. వల్లూరు పాప అడిగింది కదా, ఏరు యాడినుంచి యాడికి పోతాదని. నువ్వు చెప్పిందే రైటు తల్లీ. తప్పు మా అక్కది. ఒక్క దినం ఆలస్యమైంది. ఏమనుకోవద్దు." పక్కింట్లో కుక్కర్ విజిల్ వేసింది. ఆమె అది అయిపోయేదాకా ఆగి, "అంతే" అన్నారు.

సాయంత్రం ప్రొద్దుటూరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఊరు దాటకముందే, మేం ఛానెల్‌లో పెట్టిన ఆ వీడియో కింద జవాబులు రావడం మొదలైంది. పిల్లలు చాలామంది ఏమీ రాయలేకపోయారు. అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం చెప్పారు. తింటిమి. తింటిమి మేడం. వల్లూరు పిల్ల కూడా అదే రాసింది. చెల్లెలు ఛానెల్ తీసేయమని మళ్లీ అడగలేదు.

పొలాల అవతల పెన్న కనిపించీ కనిపించకుండా ఉంది. నీళ్లు నా బస్సు పోయే వైపే పోతున్నాయి. అదే సరైన దిక్కు, మూలలో నేనే రాసి వచ్చాను. ఎదురుగా ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే బస్సు లైట్లు వేసుకుని వచ్చి మమ్మల్ని దాటింది. కిటికీల్లో బడులనుంచి, అంగళ్లనుంచి ఇళ్లకు పోతున్న ముఖాలు. తల తిప్పి చూశాను. పొద్దు మునుగుతున్న వైపు ఆ బస్సు చిన్నదవుతూ పోతోంది, దాని పక్కన నీళ్లు ఎర్రగా మెరుస్తున్నాయి. అక్కడినుంచి చూస్తే ఏరు కూడా దాని వెంటే ఇంటికి పోతున్నట్టు ఉంది.